2008 నుంచి వింటున్నాను: పింక్ ఫ్లాయిడ్ 'అబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్'

2008 సెప్టెంబరులో ఒక రాత్రి, అమీర్‌పేట హాస్టల్ గదిలో మా రూమ్మేట్ కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే "మామా, రిక్ రైట్ పోయాడంట" అన్నాడు. ఆ రిక్ రైట్ ఎవరో నాకప్పటికి తెలియదు. పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బృందం పేరు టీషర్టుల మీద చూడటమే గానీ ఒక్క పాట విన్నది లేదు. వాడు ఆ రాత్రంతా ఆ బృందంలో రైట్ కీబోర్డ్ వాయించిన పాటలు ఒకదాని తర్వాత ఒకటి పెడుతూ కూర్చున్నాడు. తెల్లారి నేను కూడా కొన్ని ఫోన్‌లోకి ఎక్కించుకుందామని చూస్తే మెమరీ కార్డులో చోటు లేదు. ఉన్న సినిమా పాటలు తీసేయడానికి మనసొప్పలేదు. మిగిలిన కాస్త చోటులో పట్టిన ఆల్బమ్ ఇదొక్కటే. పది ట్రాకులు, నలభై నిమిషాలు.

అలా చేతికొచ్చిన ఆల్బమ్‌ని అప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఫోన్లు మారాయి, ఉద్యోగాలు మారాయి, అద్దె ఇళ్లు మారాయి. ఫోల్డర్ పోయి సీడీ వచ్చింది, సీడీ తర్వాత రికార్డు కొన్నాను, చాలా ఆలస్యంగా సినిమా కూడా చూశాను. పింక్ ఫ్లాయిడ్ అభిమానుల్లో కూడా చాలామంది దీన్ని పెద్ద ఆల్బమ్‌ల మధ్య వచ్చిన చిల్లర పనిగా చూస్తారు. నాకు అలా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించట్లేదు. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఒక విషయం చెప్పాలి. మా రూమ్మేట్ ఇచ్చిన ఫైళ్లకు వరుస నంబర్లు లేవు. ఫోన్ వాటిని ఇంగ్లీషు అక్షరాల క్రమంలో పెట్టుకుంది. అందువల్ల ఆల్బమ్‌లో ఆఖరున ఉండాల్సిన 'యాబ్సల్యూట్లీ కర్టెన్స్' నాకు మొదట వచ్చింది. అంటే ఈ బృందం పాటల్లో నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా, శ్రద్ధగా విన్న మొదటిది, తెర దించే పాట. నాలుగేళ్లు అదే వరుసలో విన్నాను. అది అసలు వరుస కాదని అనుమానం కూడా రాలేదు.

ఆ పాటలో మాటలు లేవు. కీబోర్డులు మెల్లగా మొదలవుతాయి. దూరంగా ఎక్కడో గుళ్లో గంట కొడితే గాలివాటుకి ఒకసారి వినపడి ఒకసారి వినపడనట్టుగా ఉంటుంది. తర్వాత ఆర్గన్ వచ్చి పరుచుకుంటుంది. అది కాస్తా సన్నగిల్లుతుండగా కింద నుంచి మనుషుల గొంతులు లేస్తాయి. ఒక గుంపు, ఒకే పదాన్ని పట్టుకుని తిప్పి తిప్పి పాడుతుంది. వాద్యాలు పూర్తిగా ఆగిపోతాయి. చివరి రెండు నిమిషాలు ఆ గొంతులే. మొదటిసారి విన్నప్పుడు ఫోన్లో వేరే ఫైల్ ఏదో కలిసిపోయిందనుకున్నాను.

సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఒకసారి స్పీకర్లో పెడితే వంటింట్లోంచి మా అమ్మ వచ్చింది. "ఏంటి నాన్నా అది, ఎక్కడి జాతర?" అంది. ఏం చెప్పాలో నాకూ తెలియదు. గట్టు మీద కూర్చుని చివరిదాకా వింది. "బాగా పాడుతున్నారు, అలుపే లేదు" అని వెళ్లిపోయింది. మిగతా పాటలకు ఆవిడ ఎప్పుడూ అలా వచ్చి కూర్చోలేదు.

ఆ గొంతులు పాపువా న్యూ గినీలోని మపుగా తెగ వాళ్లవని తర్వాత తెలిసింది. ఈ ఆల్బమ్ ఒక ఫ్రెంచ్ సినిమాకి చేసిన సంగీతం. సినిమా పేరు 'లా వాలే', అంటే లోయ. దర్శకుడు బార్బెట్ ష్రోడర్. 1969లో తన మొదటి సినిమా 'మోర్'కి కూడా ఇతను పింక్ ఫ్లాయిడ్ చేతే సంగీతం చేయించుకున్నాడు. మెల్‌బోర్న్‌లో ఉండే ఒక ఫ్రెంచ్ దౌత్యాధికారి భార్య అరుదైన పక్షి ఈకల కోసం పాపువా న్యూ గినీ వస్తుంది. అక్కడ కొండల్లో ఒక లోయని వెతుక్కుంటూ తిరుగుతున్న హిప్పీల గుంపు తగులుతుంది. ఆవిడ వాళ్లతో కలిసి వెళ్తుంది. ఆ లోయ ఉన్న చోట మ్యాపులో ఏమీ గీయలేదు, తెల్లగా వదిలేసి 'మబ్బులు కమ్మి ఉన్నాయి' అని రాశారు. ఆల్బమ్ పేరు అక్కడిది. సినిమా కంపెనీతో మాట తేడా వచ్చి బృందం సినిమా పేరు వాడకుండా ఆల్బమ్‌కి ఈ పేరు పెట్టింది. కంపెనీ వాళ్లేమో తర్వాత సినిమా పేరు పక్కన బ్రాకెట్లో ఈ పేరే చేర్చుకున్నారు.

దీన్ని చేసిన పద్ధతి తెలిశాక నాకు ఈ ఆల్బమ్ మీద గౌరవం ఇంకా పెరిగింది. 1972 ఫిబ్రవరి 17 నుంచి 20 దాకా నాలుగు రాత్రులు పింక్ ఫ్లాయిడ్ లండన్ రెయిన్‌బో థియేటర్లో కచేరీ చేసింది. అక్కడ వాయించింది 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. రికార్డుగా రావడానికి ఇంకా ఏడాది ఉంది, పాటలు స్టేజీ మీద సానబెట్టుకుంటున్నారు. ఆ కచేరీలు అయిన మూడో రోజుకల్లా ఫ్రాన్స్‌లో ఉన్నారు. పారిస్‌కి దగ్గర్లో ఎరూవిల్ అనే పల్లెలో 18వ శతాబ్దపు కోట లాంటి భవనం ఉంది. మిషెల్ మాన్య్ అనే సంగీత దర్శకుడు దాన్ని స్టూడియోగా మార్చాడు. అక్కడ ఫిబ్రవరి చివరి వారం పనిచేశారు. మధ్యలో జపాన్ వెళ్లి కచేరీలు చేసుకొచ్చి, మార్చి ఆఖర్లో ఇంకొన్ని రోజులు కూర్చున్నారు. రెండు విడతలూ కలిపినా రెండు వారాలు కాలేదు. జూన్‌కల్లా రికార్డు బజారులో ఉంది.

సినిమా రఫ్ కట్ చూసి, ఏ సీన్ ఎన్ని సెకన్లుందో స్టాప్‌వాచ్‌తో కొలుచుకుని, దానికి తగ్గట్టు ముక్కలు చేశారు. మన దగ్గర రీరికార్డింగ్ అంటే ఎలాంటి హడావుడో సినిమా వాళ్లను అడిగితే చెబుతారు. రిలీజ్ డేట్ తలుపు కొడుతుంటుంది, ఈ రీల్ అయిపోయిందా, ఆ రీల్ మొదలైందా అన్న టెన్షన్. ఇక్కడా ఇంచుమించు అంతే. తేడా ఏంటంటే వీళ్లు ముక్కలతో సరిపెట్టలేదు, సీన్ కోసం చేసిన ప్రతి ముక్కనీ పూర్తి పాటగా తయారుచేశారు.

నా లెక్కలో ఆ హడావుడే దీనికి కలిసొచ్చింది. ఈ బృందానికి ఒక అలవాటుంది, ఇరవై నిమిషాల పాటలు, ఒక్కో శబ్దం మీద రోజుల తరబడి కసరత్తు. అందులోంచి వచ్చిన గొప్ప సంగీతాన్ని నేను కాదనను. ఇక్కడ మాత్రం వెనక్కి తిరిగి చూసుకునే వ్యవధి లేదు. పొడుగు పాట ఆరు నిమిషాల లోపే. తోచిన ట్యూన్ తోచినట్టు వాయించారు, పాడాల్సిన మాట పాడేశారు, పక్క పాటకి వెళ్లిపోయారు. అందుకే ఇందులో ఎవరూ గొంతు పెంచి నన్ను చూడు అనరు. ఆఫీసు పని చేసుకుంటూ విన్నా పక్కన ఉంటుంది, చీకట్లో కళ్లు మూసుకుని విన్నా చాలినంత ఉంటుంది. ఇన్నేళ్లు విసుగు పుట్టకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

2012లో సీడీ కొన్నాను. అంతకు ముందు ఏడాదే కొత్తగా రీమాస్టర్ చేసి, అంటే పాత రికార్డింగ్ శబ్దాన్ని మెరుగుపరిచి, వదిలారు. ఇంటికొచ్చి పెట్టగానే నాకు అలవాటైన కీబోర్డు రాలేదు. ఎక్కడో అడుగున ఒక రొద మొదలైంది. తంబుర మీటకముందు గదిలో ఉండే నిశ్శబ్దం తెలుసు కదా, ఆ నిశ్శబ్దమే మెల్లగా శ్రుతిగా మారుతున్నట్టు. అది వీసీఎస్-3 అనే సింథసైజర్ (కరెంటుతో శబ్దాలు పుట్టించే వాద్యం) శబ్దం. లండన్‌లో ఈఎంఎస్ అనే చిన్న కంపెనీ 1969లో తయారుచేసింది. చెక్క పెట్టె, ముందువైపు తిప్పే బొడిపెలు, కింద చదరంగం బల్ల లాంటి పలక. అడ్డంగా 16, నిలువుగా 16 రంధ్రాలు. ఏ శబ్దం ఎటు వెళ్లాలో ఆ రంధ్రాల్లో చిన్న పిన్నులు గుచ్చి చెప్పాలి. ఒక పిన్ను పక్క రంధ్రంలో పడితే శబ్దమే మారిపోతుంది. పింక్ ఫ్లాయిడ్ ఈ పెట్టెని ఆల్బమ్‌లో వాడటం ఇక్కడే మొదలు. ఆ రొద మీద నిక్ మేసన్ డ్రమ్ము పడుతుంది. దుప్పటి కప్పిన తలుపుని ఎవరో బయట నుంచి తడుతున్నట్టు, ఒకే నడకలో, తొందర లేకుండా. ఆపైన డేవిడ్ గిల్మోర్ గిటార్ తీగ మీద జారుతూ వస్తుంది.

టైటిల్ ట్రాక్‌కీ దాని వెంటే వచ్చే 'వెన్ యూ ఆర్ ఇన్'కీ మాటలు లేవు. రెండూ కలిపి ఐదున్నర నిమిషాలు. నాలుగేళ్లపాటు ఈ రెంటినీ విడివిడిగా, మధ్యలో వేరే పాటలతో విన్నాను. కలిపి విన్న రోజున మొదటిది గుమ్మం, రెండోది ఇల్లు అని అర్థమైంది. 1973లో చాలా కచేరీలను బృందం ఈ రెంటితోనే మొదలుపెట్టేది. మేసన్ 2018లో పాత పాటల కోసం పెట్టుకున్న కొత్త బృందం కూడా వీటిని వాయించింది.

ఇక 'బర్నింగ్ బ్రిడ్జెస్', 'మడ్‌మెన్' సంగతి. సరైన వరుసలో వింటే తప్ప తెలియని రహస్యం ఇక్కడుంది. 'బర్నింగ్ బ్రిడ్జెస్' మూడో పాట. రైట్, బృందంలో బేస్ గిటార్ వాయించే రోజర్ వాటర్స్ కలిసి కట్టారు. తిశ్ర (మూడేసి దెబ్బల) నడకలో ఊయల ఊగినట్టు సాగుతుంది. గిల్మోర్ ఒక లైను పాడితే రైట్ ఇంకో లైను అందుకుంటాడు. ఇద్దరి గొంతులూ ఎంత దగ్గరగా ఉంటాయంటే చాలా ఏళ్లు ఒక్కరే పాడారనుకున్నాను. గిల్మోర్ గొంతులో కొంచెం ఇసుక ఉంటుంది, రైట్ గొంతు పలచగా, ఊపిరితో కలిసి వస్తుంది. ఆ తేడా ఒకసారి పట్టుబడ్డాక ఇక పాట వేరేగా వినిపిస్తుంది. రికార్డు మొదటి వైపు చివర్న 'మడ్‌మెన్'లో ఇదే ట్యూన్ మాటలు లేకుండా తిరిగొస్తుంది. రైట్ కీబోర్డు నిదానంగా దారి తీస్తే గిల్మోర్ గిటార్ ఒక్కసారిగా గొంతు విప్పుతుంది. అప్పటిదాకా ఊయలలా ఉన్న ట్యూన్ ఏడుపులా మారిపోతుంది. పేరు వింటే పాపువా న్యూ గినీలో మట్టి ముసుగులు పెట్టుకునే అసారో మనుషులు గుర్తొస్తారు. నాకు మాత్రం ఈ ట్రాక్ వింటే ఒక ఇంటిని ఖాళీ చేసి వెళ్తూ చివరిసారి వెనక్కి చూసినట్టుంటుంది. ముందు పాటలో తగలబెట్టిన వంతెన ఇక్కడ పొగగా మిగిలింది.

ఈ ఆల్బమ్ రైట్‌ది అని నేను గట్టిగా వాదిస్తాను. పాటల రచయితల్లో వాటర్స్ పేరు ఎక్కువ కనిపించొచ్చు, పాడింది ఎక్కువగా గిల్మోర్ అయుండొచ్చు. అయినా వరుసగా వినండి. ఆర్గన్ ఎక్కడ వచ్చిందో, ఎక్కడ తప్పుకుందో గమనించండి. అతను ముందుకొచ్చి సోలో వాయించే చోట్లు తక్కువ. మిగతావాళ్లు నిలబడే నేల అతనే పరుస్తాడు. 'స్టే' పాటలో పియానో మీద ఒక్కడే పాడతాడు. పొద్దున లేచేసరికి పక్కనున్న మనిషి ఎవరో సరిగా గుర్తురాని ఒక మగవాడి పాట అది. గొప్ప సాహిత్యం అనను. కానీ ఆ గొంతులో సిగ్గు వినిపిస్తుంది, అది నటిస్తే వచ్చేది కాదు.

ఐదో పాట 'వాట్స్ అ ద డీల్' గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. నా పాత ఫోన్లో అక్షర క్రమం వల్ల ఇది ఆఖరున వచ్చేది. అకౌస్టిక్ గిటార్, దాని వెంట పియానో, గిల్మోర్ తన గొంతు మీద తనే గొంతు కలిపి పాడుకున్న పాట. బయట చలిలో నిలబడి లోపలి వెలుగుని చూస్తున్న మనిషి మాట్లాడతాడు. కోరింది దక్కితే ఎలా ఉంటుందో లెక్కలేసుకుంటాడు, చివరికి వయసు మీద పడుతోందని ఒప్పుకుంటాడు. ఆ మాటలు రాసేటప్పటికి వాటర్స్‌కి 28 ఏళ్లు. నాకు 23 ఏళ్లప్పుడు ఆ మాటలు ఎవరో పెద్దాయన చెబుతున్నట్టుండేవి. ఇప్పుడు వింటే రాసినవాడు చిన్నపిల్లాడనిపిస్తాడు. మధ్యలో రైట్ పియానో సోలో వస్తుంది. చాలా చిన్నది. ఒక మెట్టు మీద కాలు పెట్టి, ఆగి, ఇంకో మెట్టు ఎక్కినట్టు వాయిస్తాడు. ఎక్కడా వేగం చూపించడు. ఆ పియానో అయిపోయాక గిల్మోర్ స్లైడ్ గిటార్ అందుకునే చోటు ఒకటుంది. రెండు వాద్యాలూ ఒక్క క్షణం ఒకే స్వరం మీద నిలబడినట్టు నా చెవికి అనిపిస్తుంది. ఆ క్షణం కోసం ఈ పాటని ఎన్ని వందల సార్లు విన్నానో లెక్కలేదు.

2006లో గిల్మోర్ తన సొంత కచేరీల్లో ఈ పాట పాడాడు, పక్కన రైట్ కీబోర్డు దగ్గర కూర్చున్నాడు. ఆ వీడియో చూశాను. ఇద్దరికీ అరవై దాటాయి. ముసలితనం గురించి రాసిన మాటలు ముసలితనంలో పాడుతున్నారు. ఇంకో రెండేళ్లకు రైట్ లేడు. మా రూమ్మేట్ ఆ రాత్రి చెప్పిన వార్త అదే.

రెండో వైపు 'చైల్డ్‌హుడ్స్ ఎండ్'తో మొదలవుతుంది. సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ నవల పేరు ఇది. చీకట్లోంచి కీబోర్డు నెమ్మదిగా దగ్గరకొస్తుంది, తర్వాత గుండె కొట్టుకున్నట్టు తాళం. 'డార్క్ సైడ్' బాగా తెలిసినవాళ్లకి ఇది వినగానే ఆ ఆల్బమ్ వాసన తగులుతుంది. మాటలు, ట్యూన్ రెండూ గిల్మోర్‌వే. పింక్ ఫ్లాయిడ్ కోసం అతను మళ్లీ ఒంటరిగా పాట రాయడం 1987 దాకా జరగలేదు. ఇంత బాగా రాయగలిగినవాడు అన్నేళ్లు కలం ఎందుకు పక్కన పెట్టాడా అని ఈ పాట విన్నప్పుడల్లా బాధేస్తుంది.

తర్వాతది 'ఫ్రీ ఫోర్'. ఈ పాటని నేను చాలా ఏళ్లు తప్పుగా విన్నాను. ట్యూన్ అంత హుషారుగా ఉంటుంది మరి. గిటార్ గంతులేస్తుంది, చప్పట్లు పడతాయి, మధ్యమధ్య సింథసైజర్ అడుగు నుంచి గుర్రుమంటుంది. 2010లో నలుగురం శ్రీశైలం వెళ్తూ ఘాట్ రోడ్డు మీద కారులో ఇదే పాట మళ్లీ మళ్లీ పెట్టుకున్నాం. మాటలు ఎవరం పట్టించుకోలేదు. సీడీ కొన్నాక ఒక ఆదివారం కూర్చుని మాటల మీద మనసు పెట్టి విన్నాను. అది చావు గురించిన పాట. ముసలివాడి జ్ఞాపకాలతో మొదలై, అమెరికా టూర్ల అలసట మీదుగా, నేను చనిపోయిన మనిషి కొడుకుని అనే దగ్గరకు చేరుతుంది. వాటర్స్ తండ్రి ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్ రెండో ప్రపంచ యుద్ధంలో, ఇటలీలోని ఆంజియో దగ్గర 1944 ఫిబ్రవరి 18న చనిపోయాడు. కొడుక్కి అప్పుడు ఐదు నెలలు. తర్వాత ఆ తండ్రి మీద వాటర్స్ పెద్ద పెద్ద పాటలు కట్టాడు, ప్రపంచమంతా వాటిని విన్నది. అంతకు ముందే ఆ దుఃఖం రికార్డులో సూటిగా బయటపడింది ఇక్కడ, చప్పట్ల మధ్య.

మా నాన్న పోయిన ఏడాది ఈ ఒక్క పాట మాత్రం వినలేదు. ఆల్బమ్ పెట్టి ఇది రాగానే ముందుకు జరిపేవాణ్ణి. ఏడాది తర్వాత ఒక రోజు జరపడం మర్చిపోయాను. పాట నడుస్తుంటే చెయ్యి దానంతటదే తాళం వేసింది. అప్పుడు ఆ హుషారు ఎందుకుందో నాకు తెలిసింది. అలాంటి మాటలు అలాంటి ట్యూన్‌లో పెట్టకపోతే నోటి వెంట రావు.

నచ్చనివి కూడా చెప్పాలి. నాలుగో ట్రాక్ 'ద గోల్డ్ ఇట్స్ ఇన్ ద' మామూలు రాక్ పాట. మూడు నిమిషాలు గిటార్ గట్టిగా మోగుతుంది, అంతే. కారులో ప్రయాణం చేసే సీన్ కోసం చేసినట్టుంటుంది. దానికి ముందున్న 'బర్నింగ్ బ్రిడ్జెస్', తర్వాతున్న 'వాట్స్ అ ద డీల్' రెండూ మెత్తనివి కావడం వల్ల మధ్యలో ఇది ఎవరో తలుపు ధడాలున వేసినట్టు వస్తుంది. ఇన్నేళ్లలో దీని మీద నా మనసు మారలేదు. కొన్ని ట్రాకులు ఉన్నట్టుండి ఆగిపోతాయి, ఎక్కడ తుంచాలో తెలియక తుంచినట్టు. టైటిల్ ట్రాక్ ఇంకో రెండు నిమిషాలుంటే బాగుండేదని ప్రతిసారీ అనిపిస్తుంది.

ఇంకొకటి మనసుకి గుచ్చుకునే విషయం. 'యాబ్సల్యూట్లీ కర్టెన్స్' రచయితలుగా బృందంలోని నలుగురి పేర్లే వేశారు. చివరి రెండు నిమిషాలు పాడింది మపుగా వాళ్లు. వాళ్ల పాట, వాళ్ల గొంతు, వాళ్ల ఊపిరి. పాట కట్టినవాళ్ల వరుసలో వాళ్లు లేరు. ఆ దేశానికి అప్పటికి స్వాతంత్ర్యం కూడా లేదు, 1975 దాకా ఆస్ట్రేలియా పాలనలో ఉంది. మా అమ్మ అలుపే లేదని మెచ్చుకున్నది వాళ్లనే. అందుకే ఈ ఆల్బమ్ గురించి ఎవరికి చెప్పినా మపుగా పేరు కలిపి చెబుతాను.

సినిమా ఒక్కసారే చూశాను. నెస్తోర్ అల్మెంద్రోస్ కెమెరా పనితనం కోసమైనా చూడొచ్చు. ఆ కొండలు, ఆ పొగమంచు, ఆ పచ్చదనం కళ్లలో ఉండిపోతాయి. హీరోయిన్ బుల్ ఓజియే కూడా బాగా చేసింది. కానీ పాటల కోసం చూస్తే నిరాశే మిగులుతుంది. నాకు ప్రాణమైన పాటలు అక్కడ ముక్కలుగా వినపడి మాయమైపోతాయి. చాలాసేపు సంగీతమే ఉండదు, అడవి శబ్దాలు, తెగవాళ్ల పండగ హోరు. సినిమాకి అది మంచిదేనేమో. నాకు మాత్రం ఆల్బమ్ ముందే మనసులో ఇంకో సినిమా తీసి పెట్టేసింది, దాని ముందు తెర మీది సినిమా నిలవలేదు. సినిమా చూడకుండానే ఈ ఆల్బమ్ వినొచ్చు, ఏమీ తగ్గదు.

రికార్డు కొన్నప్పటి అనుభవం కూడా రాస్తాను, కొనేవాళ్లకి పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఆర్డర్ పెట్టాను. పార్సిల్ ఎండలో ఎక్కడ పడి ఉందో ఏమో, రికార్డు అంచున వంకర తిరిగి వచ్చింది. ముల్లు పైకీ కిందకీ లేస్తోంది. మామూలు పాటైతే ఓర్చుకునేవాణ్ణేమో. టైటిల్ ట్రాక్ మొదట్లో ఉన్నది ఒక్క శ్రుతే కదా, అది అలలా ఊగుతుంటే కడుపులో తిప్పినట్టయింది. వెనక్కి పంపి ఇంకోటి తెప్పించుకోడానికి నెలన్నర పట్టింది, నాలుగుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. రికార్డు రాగానే మొదటి వైపు మొదటి నిమిషం వినండి. వంకర ఉంటే అక్కడే బయటపడుతుంది.

శబ్దం విషయానికొస్తే 2011 రీమాస్టర్ సీడీ నాకు చాలు. డ్రమ్ములు స్పష్టంగా ఉన్నాయి, అడుగున ఉన్న రొద చెదరలేదు. రికార్డులో 'మడ్‌మెన్' గిటార్ కొంచెం వెచ్చగా వినిపిస్తుంది, మిగతాదంతా దాదాపు ఒకటే. చిన్న ఫోన్ స్పీకర్లో మాత్రం పెట్టకండి. మొదటి ట్రాక్‌లో సగం అసలు వినపడదు. ఒక మోస్తరు హెడ్‌ఫోన్లు చాలు, సౌండ్ తక్కువలో పెట్టుకోండి, రాత్రి పది దాటాక.

పింక్ ఫ్లాయిడ్ ఎప్పుడూ వినని వాళ్లెవరైనా అడిగితే ఈ మధ్య నేను ముందు ఇదే ఇస్తున్నాను. పెద్ద ఆల్బమ్‌లకు భయపడేవాళ్లు కూడా దీన్ని మొదటిసారే చివరిదాకా వింటున్నారు. పాటలు చిన్నవి, మాటలు సూటిగా ఉంటాయి, ముందుగా ఏ కథా తెలియక్కర్లేదు. బ్రిటన్‌లో అప్పట్లో ఆరో స్థానం దాకా వెళ్లింది, అమెరికాలో 46 దగ్గర ఆగింది. మరుసటి ఏడాది 'డార్క్ సైడ్' వచ్చాక దీన్ని తలుచుకునేవాళ్లు తగ్గిపోయారు. కవర్ మీది బొమ్మ కూడా అలాగే ఉంటుంది. చెట్టు మీదున్న మనిషి ఫోటో, ఫోకస్ తప్పించి వేశారు, గుండ్రటి వెలుగు మరకల మధ్య మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. నాకు మనిషి కనపడటానికి చాలా రోజులు పట్టింది.

సీడీ వచ్చాక కూడా ఆ పాత వరుసని వదులుకోలేకపోయాను. ఫోన్ మారినప్పుడల్లా ప్లేలిస్టులో మళ్లీ అక్షర క్రమంలో పెట్టుకుంటాను. ఇంట్లో ఉన్నప్పుడు అసలు వరుస, ప్రయాణంలో నా వరుస. హైదరాబాద్ నుంచి ఊరికి రాత్రి బస్సెక్కి, లైట్లు తీసేశాక మొదలుపెడతాను. ముందు మపుగా వాళ్ల గొంతులు వస్తాయి, కిటికీ బయట ఏమీ కనిపించదు. సూర్యాపేట దగ్గర టీ కోసం బస్సు ఆపి డ్రైవర్ లైట్లు వేసేసరికి, చాలాసార్లు, ఆఖరు పాటలో రైట్ పియానో నడుస్తూ ఉంటుంది. అది అయ్యేదాకా సీట్లోంచి లేవను.